ప్రేగులలో వాపు: పేచిష్ కాదు, బవాసీరూ కాదు

(లాల్‌దర్వాజాలో జరిగిన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పే పంతులము. ఇరవై ఏండ్లుగా నల్లబల్ల మీద కుడి నుండి ఎడమకు వ్రాసిన చెయ్యి మాది. అట్టి మమ్ములను తెలుగులో మాట్లాడమని కార్యదర్శి గారు కోరినారు. మన పిల్లలలో చాలామంది ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషు బడులలో చదువుతున్నారు, సావనీరులో తెలుగులో అచ్చు వేస్తే వాళ్లూ చదువుతారు అన్నారు. సరే అన్నాము. లాల్‌దర్వాజాలో పుట్టి పెరిగినవాడు తెలుగు రాదని తప్పించుకోవడానికి వీలు లేదు గదా! బోనాలనాడు మా గల్లీ గల్లీ అంతా తెలుగే. అయినా తప్పులు దొర్లితే మన్నించండి.

ఈ ప్రసంగానికి తయారవుతూ తెలుగు వాచకం తిరగవేస్తుంటే ఒక తమాషా కనబడినది. ఇంగ్లీషులో ప్రోటీన్ అనేదానిని ఉర్దూ పుస్తకాలలో లహ్మియాత్ అంటాము. లహ్మ్ అంటే మాంసము. తెలుగు వాచకంలో మాంసకృత్తులు అని ఉన్నది. రెండు భాషల పండితులూ ఒకరినొకరు అడగకుండానే మాంసం దగ్గరే ఆగినారు. అసలు సంగతి ఏమంటే మాంసకృత్తులు కూరలోనివి మాత్రమే కావు. మన ఒంట్లో గోడలు కట్టేవీ, కాపలా కాసేవీ, కబురు మోసేవీ అవే. ఈ రోజు మేము మాట్లాడేది ఆ గోడలు, ఆ కాపలావారి గురించి. చోటు ప్రేగులు.

ప్రేగుల మాట ఎత్తగానే ముందు వరుసలో ఇద్దరు నవ్వినారు. నవ్వవచ్చు. కాని ఈ సిగ్గు వల్లనే ఒక పిల్లవాడు మా కళ్ల ముందు రెండేళ్లు బాధపడినాడు. వాడి తండ్రి అనుమతితో చెబుతున్నాము. పేరు చెప్పము.

తండ్రి లాడ్‌బజారు దుకాణాలకు లక్క గాజులు చేసి ఇచ్చే పనివాడు. పిల్లవాడు ఏడవ తరగతిలో మా బడిలో చేరినాడు. మా బడిలో ప్రార్థనకు పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనుక నిలబడతారు. చేరినప్పుడు వాడు వెనుక నుండి మూడవవాడు. తొమ్మిదవ తరగతికి వచ్చేసరికి ముందు నుండి రెండవవాడు. వాడేమీ తగ్గలేదు, మిగతావాళ్లు పెరిగినారు, వాడు పెరగలేదు. రోజూ ఆ వరుసను చూసే మాకు అది కనబడలేదు. కనబడిందల్లా, వాడు పిరియడుకు ఒకసారి చెయ్యెత్తి బయటికి వెళతాననడము. బహానా అనుకున్నాము. ఒకనాడు వెళ్లనివ్వలేదు. ఆ పిరియడు ఎట్లా ముగిసినదో ఈ సభలో చెప్పలేము. ఆ తరువాత పది రోజులు వాడు బడికి రాలేదు.

పదకొండవ రోజు మేమే వాళ్ల ఇంటికి వెళ్లినాము. తల్లి తలుపు చాటు నుండి చెప్పినది. మొదట పేచిష్ అన్నారట, మందుల షాపు గోలీలు మింగించారు. తరువాత రక్తం కనబడితే బవాసీర్ అన్నారట, మలాము ఇచ్చారు. ఆ పైన కుడిపక్క పొత్తికడుపులో నొప్పి, సాయంత్రం జ్వరం, ఒళ్లు చిక్కిపోవడం. అప్పుడు కడుపు టి.బి. అన్నారు. ఆరు నెలలు టి.బి. మందులు మింగినాడు. మందు పని చేస్తున్నదా లేదా అని మధ్యలో ఎవరూ గొట్టం వేసి చూడలేదు. చివరకు ఒక పెద్ద ఆస్పత్రిలో పెద్దప్రేగు లోపలికి కెమెరా గొట్టం పంపి, ముక్క తీసి పరీక్ష చేసి, క్రోన్స్ జబ్బు అని తేల్చినారు. ఆ డాక్టర్ల పేర్లు మాకు అక్కర లేదు, ఎవరినీ తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. పాపం వాళ్లు వాడిని చూసింది పది నిమిషాలు. మేము చూసింది రెండు సంవత్సరాలు.

ఇక జబ్బు సంగతి. ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ అంటారు, పొట్టిగా ఐ.బి.డి. ప్రేగులలో దీర్ఘకాలం ఉండే వాపు అన్నమాట. ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దప్రేగుకే వస్తుంది, మలద్వారం దగ్గర మొదలై విడవకుండా పైకి పాకుతుంది, లోపలి పొరను పుండు చేస్తుంది. రక్తం, జిగురు పడతాయి. 1859లో లండన్ డాక్టరు శామ్యూల్ విల్క్స్ దీని గురించి వ్రాసినాడు. రెండవది క్రోన్స్. ఇది నోటి నుండి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు, ఎక్కువగా చిన్నప్రేగు చివర వస్తుంది. ఒకచోట పుండు, పక్కన బాగు, మళ్లీ పుండు. గోడ మందమంతా పాకి, దారి ఇరుకు చేస్తుంది. 1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆస్పత్రి డాక్టరు బరిల్ క్రోన్, అతని ఇద్దరు సహచరులు వర్ణించగా అతని పేరు పడినది. అంతకు ముందే 1913లో స్కాట్లండు సర్జను డాల్జీల్ ఇటువంటి రోగులను చూసి వ్రాసినాడు. పేరు మాత్రం క్రోన్‌కే దక్కింది. రెండూ అంటువ్యాధులు కావు. పక్కన కూర్చుంటే రావు, ఒకే పళ్లెంలో తింటే రావు. ఈ మాట పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు ప్రత్యేకంగా వినాలి.

ఎందుకు వస్తుంది? ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి.

మన శహరుకు ఒకప్పుడు చుట్టూ రాతి గోడ ఉండేది, దర్వాజాలు ఉండేవి. ఇప్పుడు పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మిగిలినాయి. గోడ బయట ఊరంతా శత్రువులే ఉండేవారా? లేదు. కూరగాయలు తెచ్చేవారు, పాలు తెచ్చేవారు, కట్టెలు తెచ్చేవారు. వాళ్లు రాకపోతే లోపలివాళ్లు పస్తే. ప్రేగు కూడా అట్లాగే. ఒక మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయని లెక్క. వాటిలో అత్యధిక భాగం పెద్దప్రేగులోనే. మా ఉర్దూ పుస్తకంలో జరాసీమ్ అనగానే పిల్లలు రోగం అనుకుంటారు, పరీక్షలో అదే వ్రాస్తారు, మేమూ మార్కులు వేస్తూ వచ్చినాము. నిజానికి వీటిలో చాలా భాగం మనకు కూరగాయలు తెచ్చే బాపతు. మనం అరిగించుకోలేని పీచు పదార్థాన్ని ఇవి పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం తయారు చేస్తాయి. పెద్దప్రేగు గోడ కణాలకు ముఖ్యమైన ఆహారం అదే. అంటే గోడకు తిండి పెట్టేది గోడ బయట ఉన్నవారే!

మరి గోడ దేనితో కట్టినది? మాంసకృత్తులతో. అన్నిటికన్నా పైన ఒక జిగురు పొర. దానిని కట్టేది మ్యూసిన్ అనే మాంసకృత్తు. పెద్దప్రేగులో ఈ జిగురు రెండు పొరలుగా ఉంటుంది. బయటి పొరలో సూక్ష్మజీవులు కాపురం చేస్తాయి, లోపలి పొరలోకి రాలేవు. ఈ సంగతి 2008లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఎలుకలలో చూపించినారు. ఆ మ్యూసిన్ తయారు చేయలేని ఎలుకలలో సూక్ష్మజీవులు నేరుగా గోడను తాకుతాయి, ఆ ఎలుకలకు పెద్దప్రేగు వాపు వస్తుంది. జిగురు కింద ఒకే ఒక్క వరుస కణాలు. ఒక్క వరుసే సుమా! ఆ ఇటుకల మధ్య సున్నంలాగా ఆక్లూడిన్, క్లాడిన్ అనే మాంసకృత్తులు బిగించి పట్టుకుంటాయి. ఐ.బి.డి. రోగులలో ఈ బిగింపు సడలి ఉంటుంది.

గోడ లోపల కాపలావారు. వాళ్లలో ఒకరి పేరు నాడ్-2. సూక్ష్మజీవి పైపెంకు ముక్క దొరికితే గుర్తుపట్టి కబురు పంపడం ఈ మాంసకృత్తు పని. 2001లో రెండు బృందాలు వేరువేరుగా ఒకే సంగతి కనుగొన్నాయి. ఈ నాడ్-2 తయారీ సూత్రంలో కొన్ని మార్పులు ఉన్నవాళ్లకు క్రోన్స్ వచ్చే అవకాశం ఎక్కువ. యూరప్, అమెరికాలలో అది పెద్ద వార్త. అయితే వాళ్ల సంగతి మనకు వర్తిస్తుందా? ఈ ప్రశ్న అడిగింది మన హైదరాబాదే. మన తార్నాక దగ్గరి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ డాక్టర్లు, అంటే నాగేశ్వర్ రెడ్డి గారి సంస్థ వారు, కలిసి భారతీయ రోగులలో వెదికి 2011లో ప్రకటించినారు. యూరప్ వాళ్లలో దొరికిన ఆ నాడ్-2 మార్పులకు మనవాళ్ల జబ్బుకు సంబంధం కనబడలేదు. జబ్బు అదే, లోపలి కథ వేరే. పరాయి దేశపు పుస్తకం చదివి మన ఒంటి మీద తీర్పు చెప్పరాదని మాకు దీనిలో తెలిసినది. మేమైతే ఈ సంగతి తరగతిలో రెండుసార్లు చెప్పినాము, బస్సెక్కితే గంటలో చేరే చోట జరిగిన పని అని.

తప్పు గోడదా, బయటివారిదా? దీనికి జవాబు కూడా ఎలుకలే ఇచ్చినాయి. వాపును చల్లబరచే ఇంటర్‌ల్యూకిన్-10 అనే మాంసకృత్తు లేని ఎలుకలను 1993లో జర్మనీలో తయారు చేసినారు. వాటికి ప్రేగు వాపు వచ్చింది. తరువాత 1998లో అమెరికాలో అటువంటి ఎలుకలనే ఒక్క సూక్ష్మజీవి కూడా లేని చోట పెంచి చూసినారు. వాపు రాలేదు! మాంసకృత్తు లోపం ఉన్నా సూక్ష్మజీవి లేకపోతే జబ్బు లేదు. సూక్ష్మజీవులు మనందరి ప్రేగులలోనూ ఉన్నవి, అయినా మనందరికీ జబ్బు లేదు. ఇద్దరి మధ్య సంబంధం చెడినప్పుడు వస్తుంది. అత్తా కోడళ్లలో ఒకరినే తప్పుపట్టే పంచాయతీ ఇక్కడ చెల్లదు. పరదా అవతల నవ్వు వినబడుతున్నది. సరే, ముందుకు పోదాము.

రోగుల ప్రేగులలో మంచి జాతులు తగ్గుతాయి. 2008లో ఫ్రెంచి బృందం ఒకటి చూపించినది. వాపును తగ్గించే ఫీకాలిబాక్టీరియం అనే బ్యాక్టీరియా తక్కువగా ఉన్న క్రోన్స్ రోగులకు, ఆపరేషను తరువాత జబ్బు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. ఈ ఫీకాలిబాక్టీరియం బ్యూటిరేట్ చేసే జాతియే.

ఇది గొప్పవాళ్ల జబ్బు, తెల్లవాళ్ల జబ్బు అని ఒకప్పుడు మన దగ్గర అనుకునేవారు. ఆ మాట 2003లోనే వీగిపోయింది. లూధియానా డాక్టర్లు పంజాబులో ఇల్లిల్లూ తిరిగి లెక్క తీసి, లక్షకు 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నదని ప్రకటించినారు. ఇంగ్లండులో లెస్టర్ నగరానికి వలసపోయిన మన ఉపఖండం వాళ్లలో అయితే ఈ అల్సరేటివ్ కొలైటిస్ అక్కడి తెల్లవాళ్ల కన్నా ఎక్కువే కనబడినది. మనుషులు వాళ్లే, రక్తం అదే. నీరు, తిండి, దానితో ప్రేగులోని జనాభా మారినాయి. ఇక మన దగ్గర, 2020 తరువాత హైదరాబాదు డాక్టర్లే ప్రేగు బాధలతో వచ్చిన 30 వేల మందికి పైగా జనాన్ని పరీక్షించినారు. పట్నంవాళ్లలోనూ పల్లెవాళ్లలోనూ దాదాపు సమానంగా, వందకు ఐదుగురికి ఐ.బి.డి. తేలినది. ఇది ఊరి జనాభాలో వందకు ఐదుగురని కాదు, ప్రేగు బాధతో వచ్చినవాళ్లలో వందకు ఐదుగురు. లెక్కల మాస్టరు గారు ఇక్కడే కూర్చున్నారు కనుక ఈ తేడా స్పష్టం చేస్తున్నాము.

తిండి సంగతి అడగకుండా మీరు మమ్ములను స్టేజీ దిగనివ్వరు. 2021లో 21 దేశాలలో, మన దేశం కూడా అందులో ఉన్నది, లక్షా పదహారు వేల మందిని గమనించిన లెక్క ఒకటి వచ్చినది. ఫ్యాక్టరీలో బాగా మార్చి ప్యాకెట్లలో అమ్మే తిండి ఎక్కువ తినేవాళ్లకు ఐ.బి.డి. ఎక్కువగా వచ్చినది. ఎందుకు? ఒక అనుమానం, నూనె నీరు విడిపోకుండా వాటిలో కలిపే పదార్థాల మీద ఉన్నది. 2015లో అమెరికాలో ఎలుకలకు అటువంటివి రెండు నీళ్లలో కలిపి తాగించగా, సూక్ష్మజీవులు జిగురు పొరలోకి చొచ్చుకొని గోడ దగ్గరకు వచ్చినాయి. ఎలుకకు జరిగింది మనిషికి అంతే జరుగుతుందని మేము అనము. కాని బడి గేటు బయట వేలాడే ఆ రంగురంగుల ప్యాకెట్ల తోరణం చూస్తే మాకు గుండె గుబేలుమంటుంది. నహారి మానమని మేము చెప్పడం లేదు, మాకూ నోరున్నది. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, పెరుగు, మజ్జిగ మన దస్తర్‌ఖానా మీద ఉన్నవే గదా, వాటిని పిల్లల పళ్లెంలోకి తిరిగి తెద్దామంటున్నాము. ఇప్పటికే జబ్బు ముదిరి, ప్రేగు ఇరుకైన వాళ్లు మాత్రం పీచు ఎంత తినాలో డాక్టరును అడగాలి. వాళ్లకు అదే అడ్డం పడవచ్చు.

2022లో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు ఒక పని చేసినారు, వినడానికి వింతగా ఉంటుంది. ఆరోగ్యవంతులైన పల్లెవాళ్ల మలం నుండి సూక్ష్మజీవులను తీసి, ఒక మోస్తరు కొలైటిస్ ఉన్న రోగుల ప్రేగులలో ప్రవేశపెట్టి, దానితోపాటు ప్రత్యేక ఆహారం ఇచ్చినారు. మామూలు వైద్యం కన్నా ఎక్కువమందికి నెమ్మదించినది, ఏడాది వరకు ఆ ఆహారంతో నిలిచినది. దాతలను ఎన్నో పరీక్షలు చేసి ఆస్పత్రిలో చేసే పని ఇది. దయచేసి ఎవరూ ఇంట్లో ప్రయోగాలు చేయవద్దు.

మందులలో ఒకటి చెప్పక తప్పదు, ఎందుకంటే అది మా పాఠానికి సరిపోతుంది. సల్ఫాసలజీన్ అనే పసుపుపచ్చ గోలీ. స్వీడన్‌లో నన్నా స్వార్ట్స్ అనే లేడీ డాక్టరు 1940 ప్రాంతంలో తెచ్చినది. ఈ గోలీని కీళ్ల నొప్పుల కోసం చేసినారు, ప్రేగులకు పనికి వచ్చినది. ఇది పైన చాలావరకు అట్లాగే ఉండి పెద్దప్రేగుకు చేరుతుంది. అక్కడ సూక్ష్మజీవులే దానిని రెండు ముక్కలు చేసి అసలు మందును విడుదల చేస్తాయి. మన పనివాళ్లు లేకపోతే డాక్టరు గారి గోలీ కూడా పని చేయదు! ఇప్పుడు వాపు కబురు మోసే టి.ఎన్.ఎఫ్. అనే మాంసకృత్తును పట్టి ఆపే సూదులు కూడా ఉన్నాయి. 1998లో అమెరికాలో క్రోన్స్‌కు మొదట అనుమతి వచ్చినది. కాని టి.బి.ని అణచి ఉంచేది కూడా ఆ టి.ఎన్.ఎఫే. అందువల్ల మన దేశంలో ఆ సూది వేసే ముందు లోపల దాగిన టి.బి. ఉన్నదా అని చూసి తీరాలి.

టి.బి. దగ్గరకే మళ్లీ వద్దాము. కడుపు టి.బి., క్రోన్స్ రెండూ చిన్నప్రేగు చివరనే కూర్చుంటాయి, ఒకేలా కనబడతాయి, పెద్ద డాక్టర్లకు కూడా కష్టమే. కొన్నిసార్లు టి.బి. మందులు ఇచ్చి చూడవలసే వస్తుంది, అది తప్పు కాదు. కాని రెండు మూడు నెలలకు మళ్లీ గొట్టం వేసి పుండ్లు మానినాయా అని చూడాలి. మానకపోతే ఆలోచన మార్చాలి. మా అబ్బాయికి పోయినది ఆ చూపే.

మొదటి మెట్టుకు సులభమైన పరీక్ష ఒకటి ఉన్నది. కాల్‌ప్రొటెక్టిన్. ఇదీ ఒక మాంసకృత్తే. ప్రేగులో వాపు ఉంటే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి దీనిని వదులుతాయి. సూక్ష్మజీవులకు కావలసిన జింకు, మాంగనీసు అందకుండా చేసి వాటిని ఆకలికి మాడ్చడం దీని పని. మలంలో ఎంత ఉన్నదో కొలుస్తారు. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే వాపు లేదనుకోవచ్చు, 250 దాటితే వాపు ఉన్నట్టే చూడాలి. మామూలు విరేచనాలలోనూ, కీళ్ల నొప్పి గోలీలు వాడినా పెరుగుతుంది, కనుక కాగితం చూసి మనమే తీర్పు చెప్పరాదు.

నాలుగు వారాలు దాటిన విరేచనాలు, మలంలో రక్తం, రాత్రి నిద్రలో లేచి పరుగెత్తడము, కారణం లేకుండా బరువు తగ్గడము, పిల్లవాడు ఎదగకపోవడము, వీటిలో ఏది ఉన్నా ఇసబ్గోల్‌తో కాలం గడపకండి. అఫ్జల్‌గంజ్ పక్కనే ఉస్మానియా ఆస్పత్రి ఉన్నది, అందులో ప్రేగుల విభాగము ఉన్నది. ఆడపిల్లలకైతే తల్లులు ముందే అడగాలి, వాళ్లు తమంతట చెప్పరు. స్టెరాయిడు గోలీలు రాసి ఇస్తే, కొంచెం బాగున్నదని ఒక్కసారిగా ఆపకండి, ప్రాణం మీదికి వస్తుంది. రంజాన్‌లో రోజా సంగతి నెల ముందే డాక్టరుతో మాట్లాడండి. రోగికి మినహాయింపు ఉన్నదని మనకు తెలుసు, అయినా నలుగురూ ఏమంటారో అని మందు మానేసేవాళ్లను మేము చూసినాము. ఆ నలుగురిలో మనమే ఉంటాము.

మా అబ్బాయి ఇప్పుడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము. మందులు వాడుతున్నాడు. మధ్యలో ఒకసారి జబ్బు తిరగబెట్టినది, మళ్లీ నెమ్మదించినది. పూర్తిగా పోయే జబ్బు కాదని వాడికీ తెలుసు, అడిగితే మా కన్నా బాగా చెబుతాడు. పోయిన నెల బడికి వచ్చినప్పుడు మా భుజం దాటి ఉన్నాడు. మేము ఆనాటి పిరియడు గురించి మాఫీ అడిగినాము. "ఛోడియే సాబ్" అని, బయటికి వెళ్లడానికి పిల్లలకు ఒక చీటీ పద్ధతి పెట్టమన్నాడు, చెయ్యెత్తి అందరి ముందు అడగనక్కర లేకుండా. పెట్టినాము. మా బల్ల మూల మీద ఒక చెక్క బిళ్ల ఉంటుంది, తీసుకొని వెళ్లడమే, తెచ్చి పెట్టడమే.

మాకిచ్చిన సమయం అయిపోయినట్టు అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. డాక్టరు సాహెబు ముందు వరుసలోనే ఉన్నారు. ప్రశ్నలు చీటీల మీద వ్రాసి పంపండి, పేరు వ్రాయనక్కర లేదు. పరదా అవతలి చీటీలు ముందు తీసుకుంటాము.